చోటు తెలిస్తేనే చుక్క

ఆకాశంలో ఉన్నట్టుండి ఓ కొత్త చుక్క వెలిగిందనుకుందాం. నాలుగు రోజులు మెరిసి మాయమైంది. నలభై యాభై ఏళ్లు గడిచాయి. మళ్లీ అటువైపే ఓ కొత్త చుక్క కనబడింది. మొదటిసారి చూసినాయన ఇప్పుడు లేడు. రెండోసారి చూసినాయన ఆ పెద్దమనిషి పేరు కూడా విని ఉండకపోవచ్చు. మరి ఈ రెండూ ఒకే చుక్కని తేల్చేదెలా?

రంగు చూసి చెప్పలేం, రంగు రోజుకోలా మారుతుంది. కాంతి చూసి అసలే చెప్పలేం, ఇవాళ ఉన్నంత రేపు ఉండదు. పుట్టుమచ్చల్లాంటివి ఏమీ ఉండవు. మిగిలేది ఒక్కటే, అది వెలిగిన చోటు. అప్పుడు చూసినాయన చోటు సరిగ్గా రాసిపెట్టి ఉంటే చుక్క దొరుకుతుంది. రాయకపోతే ఎంత గొప్ప దృశ్యం చూసినా లోకానికి దక్కదు. ఈ పూట కబుర్లన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే.

ముందు ఈ చుక్కలెందుకు వెలుగుతాయో చెప్పుకుందాం. వీటిని నోవాలంటారు. నిజానికి ఇవి కొత్తవేమీ కావు, జంట నక్షత్రాలు. జంటలో ఒకటి శ్వేత కుబ్జం, అంటే ఇంచుమించు సూర్యుడంత బరువు భూమంత గోళంలో కుదించుకుపోయిన ముసలి నక్షత్రం. పక్కనున్న తోడు నక్షత్రం నుంచి హైడ్రోజన్ వచ్చి దీని మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. పొర మందమయ్యేకొద్దీ అడుగున ఒత్తిడి, వేడి పెరుగుతాయి. వేడి కోటి డిగ్రీలు దాటాక ఒకనాడు పొరంతా హైడ్రోజన్ బాంబులా పేలుతుంది. పోయేది పై పొరే, నక్షత్రం పోదు. సూపర్‌నోవాకూ దీనికీ ఉన్న తేడా ఇదే. పేలుడు సద్దుమణిగాక మళ్లీ హైడ్రోజన్ చేరడం మొదలవుతుంది.

అంటే ఏ నోవా అయినా ఎప్పటికో ఒకప్పటికి మళ్లీ పేలాల్సిందే. చాలావాటికి ఆ వ్యవధి వేల ఏళ్లు. కానీ శ్వేత కుబ్జం బరువు మన ఖగోళవేత్త చంద్రశేఖర్ లెక్కగట్టిన 1.4 సూర్యుల హద్దుకు దగ్గరగా ఉండి, తోడు నుంచి సరుకు జోరుగా వస్తూంటే, పదేళ్లకో ఎనభై ఏళ్లకో మళ్లీ అంటుకుంటుంది. మనిషి జ్ఞాపకానికీ, మనిషి రాతకూ అందే వ్యవధిలో తిరిగి వెలిగే వీటినే రికరెంట్ నోవాలన్నారు. పాలపుంతలో కోటానుకోట్ల నక్షత్రాలుంటే ఇలాంటివని ఖాయంగా తేలినవి పట్టుమని పది. ఇంత తక్కువ దొరకడానికి ఓ కారణం, పాత పేలుళ్ల చోటు తెలిపే సాక్ష్యం దొరక్కపోవడమే.

ఇప్పుడు మద్రాసు వెళ్దాం రండి. నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1792లో కట్టిన వేధశాల ఒకటుండేది. అక్కడి రాతి స్తంభం మీద లాటిన్‌తో పాటు తమిళంలోనూ, మన తెలుగులోనూ శాసనం చెక్కించారు. 1861లో నార్మన్ పాగ్సన్ అనే ఆంగ్లేయుడు ఆ వేధశాలకు అధికారిగా వచ్చాడు. నక్షత్రాల కాంతిని కొలిచే మాగ్నిట్యూడ్ లెక్కకు గణిత సూత్రం ఇచ్చింది ఆయనే. ఐదు మాగ్నిట్యూడ్‌లు తేడా ఉంటే కాంతిలో నూరు రెట్లు తేడా. అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. ఈ లెక్కే నేటికీ ప్రపంచమంతా వాడుతోంది.

ఆ పాగ్సన్ 1863 మే 20న వృశ్చికరాశిలో, అంతకుముందు ఏమీ లేనిచోట, తొమ్మిదో మాగ్నిట్యూడ్ చుక్క ఒకటి చూశాడు. మామూలు కంటికి ఆనేది కాదు, దూరదర్శిని కావాల్సిందే. కొద్ది రోజుల్లోనే అది చేజారిపోయింది. యు స్కార్పై అని ఇవాళ మనం పిలుచుకునే నక్షత్రం అదే. జ్యేష్ఠా నక్షత్రానికి ఉత్తరంగా ఎనిమిదిన్నర డిగ్రీల దూరంలో ఉంటుంది. చేయి చాచి పిడికిలి పట్టి చూస్తే పిడికిలి వెడల్పు పది డిగ్రీలు, దానికి కాస్త తక్కువన్నమాట.

పాగ్సన్‌ది గ్రహశకలాల వేటలోనూ అందెవేసిన చేయి. 1861లో మద్రాసు నుంచే ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి ‘ఆసియా’ అని పేరు పెట్టాడు. ఈ పనిలో ఉన్నవాళ్లకు చోటు రాయడం ఊపిరి పీల్చినంత అలవాటు. ఎందుకంటే ఇవాళ చుక్క ఉన్న చోటూ, రేపు ఉన్న చోటూ కొలిచి చూస్తేనే కదిలేదేదో, కదలనిదేదో తేలుతుంది. కదిలితే గ్రహశకలం, కదలకపోతే నక్షత్రం. యు స్కార్పై ఉన్నది సూర్యచంద్రులు, గ్రహాలు నడిచే బాట పక్కనే. అక్కడ కొత్త చుక్క కనిపిస్తే ముందు గ్రహశకలమేమోనని అనుమానపడటం న్యాయం. ఇప్పటికీ కొత్త చుక్కను చూసినవాళ్లు చేసే తొలి పరీక్ష ఇదే.

ఆకాశంలో చోటు ఎలా రాస్తారంటే, ఇంటి చిరునామా రాసినట్టే. వృశ్చికరాశి అంటే జిల్లా పేరు. జ్యేష్ఠకు ఉత్తరంగా అంటే ఊరు పేరు. ఇంటి నంబరు కావాలంటే రెండు అంకెలు ఇవ్వాలి. ఒకటి విషువాంశ, అంటే తూర్పు పడమరల లెక్క, దీన్ని గంటలు, నిమిషాల్లో చెబుతారు. రెండోది క్రాంతి, అంటే ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో ఎన్ని డిగ్రీలన్నది. డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికళ. పంచాంగం తిరగేసేవాళ్లకు ఇవేం కొత్త మాటలు కావు. పూర్ణచంద్రుడి వెడల్పు సుమారు 30 కళలు. నోవాను ఖాయం చేయాలంటే వికళల్లో మాట్లాడాలి.

ఇక్కడే ఓ చిక్కుంది, కాస్త నిదానంగా చూద్దాం. ఇవాళ పుస్తకాల్లో యు స్కార్పై విషువాంశ 16 గంటల 22 నిమిషాల 31 సెకన్లు, క్రాంతి దక్షిణంగా 17 డిగ్రీల 53 కళలు అని ఉంటుంది. ఇది 2000 సంవత్సరపు లెక్క. అదే చుక్కకు 1863 నాటి లెక్క కడితే విషువాంశ 16 గంటల 14 నిమిషాల 37 సెకన్ల దగ్గర, క్రాంతి 17 డిగ్రీల 33 కళల దగ్గర వస్తుంది. దాదాపు రెండు డిగ్రీల తేడా! నాలుగు పూర్ణచంద్రులను వరసగా పేర్చినంత దూరం. నక్షత్రం కదిలిందా? లేదు. మన భూమి ఇరుసే మెల్లగా తిరుగుతోంది. పంచాంగకర్తలు అయనాంశ అని లెక్కలో వేసుకునేది దీన్నే. ఏడాదికి 50 వికళలు, 72 ఏళ్లకు ఒక డిగ్రీ. కొలిచే గీతలే జరుగుతుంటే అంకెలు మారక ఏమవుతాయి?

కాబట్టి చోటు రాసినవాళ్లు అది ఏ సంవత్సరపు లెక్కో కూడా రాయాలి. రాయకపోతే వందేళ్ల తర్వాత వెతికేవాడు రెండు డిగ్రీలు పక్కకు పోయి, వేలాది చుక్కల మధ్య తప్పిపోతాడు. పాత పరిశీలనల్ని ఇప్పటివాటితో పోల్చేవాళ్లు మొట్టమొదట చేసే పని, పాత అంకెల్ని కొత్త సంవత్సరానికి మార్చుకోవడం. ఆ లెక్క కట్టాక రెండు చోట్లు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయా, అప్పుడు అసలు కథ మొదలవుతుంది.

యు స్కార్పై విషయంలో అదే జరిగింది. అమెరికాలోని హార్వర్డ్ వేధశాల వాళ్లు దశాబ్దాల తరబడి రాత్రుళ్లు ఆకాశాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీసి దాచారు. అలా పోగైనవి ఐదు లక్షలకు పైమాటే. దక్షిణాకాశం కోసం పెరూలో, తర్వాత దక్షిణాఫ్రికాలో కూడా మకాం పెట్టారు. హెలెన్ థామస్ అనే ఆమె ఆ పలకల్లో పాగ్సన్ చెప్పిన చోటును వెతికింది. 1906లో తీసిన పలక మీద చుక్క ఉంది. 1936లో తీసిన పలక మీదా ఉంది. ఆమె చూసిన మధ్య సంవత్సరాల పలకల్లో అదే చోటు ఖాళీ. మద్రాసులో 1863లో ఒక మనిషి చూసిన చుక్క రికరెంట్ నోవా అని అలా తేలింది. తర్వాత బ్రాడ్లీ షేఫర్ అనే ఖగోళవేత్త మరింత గాలించి 1917, 1945 నాటి పేలుళ్లనూ బయటికి తీశాడు. ఆ రాత్రులు ఫొటో తీసినవాళ్లకు తమ పలకలో ఏం పడిందో తెలియనే తెలియదు.

గాజు పలక మీద మచ్చ కనిపిస్తే అది చుక్కే అని నమ్మడమెలా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఫొటో తీసేటప్పుడు దూరదర్శిని కొంచెం బెసికితే పలక మీది చుక్కలన్నీ ఒకే తీరుగా సాగుతాయి. నిజమైన చుక్క అయితే పక్క చుక్కల ఆకారమే దానికీ ఉండాలి. ధూళి కణమో రసాయనపు మరకో అయితే దాని ఆకారం దానిదే. ఆకారం కుదిరాక చుట్టూ ఉన్న తెలిసిన చుక్కల నుంచి దూరాలు కొలిచి, దీని చోటు లెక్కగడతారు. 1998లో ఒక్కసారే కనబడ్డ వి2487 ఓఫియుకై అనే నోవా మీద అనుమానం వచ్చి, ఆష్లీ పాగ్నోటా, షేఫర్ పాత పలకలు వెతికితే, 1900 జూన్ 20 నాటి పలక మీద సరిగ్గా ఆ చోటనే చుక్క దొరికింది. ఒకే ఒక్క పలక! నమ్మకంగా కొలిచిన చోటు ఉండబట్టే ఆ ఒక్కటీ సాక్ష్యంగా చెల్లింది.

చుట్టూ ఉన్న తెలిసిన చుక్కలు అన్నాను కదా, వాటి చోట్లు తెలిసింది ఎవరివల్ల? ఈ ముక్క మన హైదరాబాదుది, చెప్పకుండా ఉండలేను. 1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళవేత్తలంతా కూడి ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి, చుక్కల చోట్లు కొలవాలని తీర్మానించారు. ఆకాశాన్ని పట్టీలుగా చీల్చి వేధశాలలకు పంచారు. బేగంపేటలోని నిజామియా వేధశాలకు దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ దక్కింది. చిలీ వాళ్లు పూర్తి చేయలేక వదిలేసిన పని అది. 1914 నుంచి ఏళ్ల తరబడి మనవాళ్లు దాన్ని ఫొటోలు తీశారు, ఒక్కో చుక్క చోటునూ కొలిచారు. పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్ దగ్గరుండి నడిపించారు. ఆ తర్వాత ఉత్తరాకాశంలో మరో పట్టీ కూడా చేశారు. మొత్తం 12 సంపుటాలు అచ్చయ్యాయి.

ఇప్పుడు మీరే చూడండి. యు స్కార్పై క్రాంతి 17 డిగ్రీల పైచిలుకు, అంటే అది హైదరాబాదు పట్టీలోదే! మామూలు రోజుల్లో అది 18వ మాగ్నిట్యూడ్ చుక్క, ఆ కాలపు పలకలకు అందేది కాదు. కానీ దాని ఇరుగుపొరుగు చుక్కల చోట్లు కొలిచింది బేగంపేటలో. ఒక చుక్క చోటు తెలియాలంటే దాని చుట్టూ ఉన్నవాటి చోట్లు ముందే తెలిసి ఉండాలి. పేరు రాని ఆ ఓపికంతా అందుకు పునాది. గయా ఉపగ్రహం 2025 దాకా అంతకన్నా ఎన్నో వేల రెట్లు సూక్ష్మంగా కొలిచింది నిజమే, కానీ గయా 1914కి వెళ్లి కొలవలేదు కదా. ఆ పని మనవాళ్లే చేశారు.

చోటు రాయడంలోని తేడా ఎంత తేడా తెస్తుందో ఉత్తర కిరీట రాశిలోని టి కరోనే బొరియాలిస్ చెబుతుంది. 1866 మే 12 రాత్రి ఐర్లండ్‌లో జాన్ బర్మింగ్‌హామ్ అనే ఆయన స్నేహితుడి ఇంటి నుంచి తిరిగివస్తూ, ఆ రాశిలో రెండో మాగ్నిట్యూడ్ చుక్కను చూశాడు. ధ్రువ నక్షత్రమంత కాంతి! జర్మనీ ఖగోళవేత్త ఆర్గెలాండర్ అంతకు కొన్నేళ్ల ముందే తయారుచేసిన పట్టికలో చూస్తే, సరిగ్గా ఆ చోటనే తొమ్మిదిన్నర మాగ్నిట్యూడ్ చుక్క ఒకటి నమోదై ఉంది. కొత్త చుక్క అని లోకం అబ్బురపడుతుంటే, అది ఉన్న చుక్కేనని పట్టిక చెప్పింది. 1946 ఫిబ్రవరిలో అదే చోట మళ్లీ వెలిగింది. ఎనభై ఏళ్ల వ్యవధి.

మరి 1866కి ముందో? ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ వొలాస్టన్ అనే ఆయన 1787 డిసెంబరులో కొలిచిన చుక్కల్లో ఒకదాని అంకెలు ఈ నక్షత్రం చోటుతో సరిపోతున్నాయని షేఫర్ ఈమధ్య చూపించాడు. వొలాస్టన్ మటుకు దాన్ని వేరే చుక్క అనుకున్నాడు. అయినా చోటు రాశాడు కాబట్టి రెండు శతాబ్దాలు దాటాక కూడా ఆయన రాత పనికొచ్చింది. 1217లో జర్మనీలో ఒక మఠాధిపతి కూడా కిరీట రాశిలో ఒక చుక్క అపురూపంగా వెలిగిందని రాశాడు. అదీ ఇదే కావడానికి చాలా అవకాశముందని షేఫర్ వాదన. అయితే ఆ రాతలో రాశి పేరే ఉంది, అంకెలు లేవు. అందుకే 1787 మీద ఉన్నంత గట్టిగా దాని మీద నిలబడలేం.

అలాగని చోటు కలిస్తే చాలు, పెళ్లయిపోయిందనుకోకూడదు. శర రాశిలో డబ్ల్యుజెడ్ సాజిటే అనే నక్షత్రం 1913లో, 1946లో వెలిగింది. చోటు ఒకటే కాబట్టి రికరెంట్ నోవాల జాబితాకెక్కింది. 1978లో మూడోసారి వెలిగినప్పుడు బాగా పరిశీలిస్తే అది నోవా కాదని తేలింది. శ్వేత కుబ్జం చుట్టూ తిరిగే పదార్థపు చక్రం ఒక్కసారిగా వేడెక్కి వెలిగిందే తప్ప హైడ్రోజన్ పేలలేదు. దీన్ని కుబ్జ నోవా అంటారు. చుక్క ఏదో చోటు చెబుతుంది, దానికేమైందో వర్ణపటం చెబుతుంది. రెండూ కావాలి.

దూరం పెరిగితే చోటు కూడా మోసం చేస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ఒక వికళ వెడల్పులో 12 కాంతి సంవత్సరాల జాగా పడుతుంది. సూర్యుడికీ దాని పొరుగు నక్షత్రానికీ మధ్య దూరం నాలుగు కాంతి సంవత్సరాలే. ఇక రెండు వేర్వేరు నోవాలు ఒకేచోట ఉన్నట్టు కనిపించడంలో వింతేముంది? అందుకే ఆండ్రోమెడాలో రికరెంట్ అనుకున్నవాటిలో కొన్ని, పాత ఫొటోలు మళ్లీ కొలిచాక, వేర్వేరని తేలాయి. వాటి మధ్యే నిజమైన రత్నం కూడా దొరికింది. 2008 డిసెంబరులో ఇద్దరు జపాన్ ఔత్సాహికులు కనిపెట్టిన ఒక నోవా అక్కడ ఇంచుమించు ప్రతి ఏడాదీ పేలుతోంది.

చోటు తెలిస్తే దక్కే అసలు లాభం ముందుచూపు. యు స్కార్పై పదేళ్లకోసారి పేలుతుందని లెక్క తేలాక, 2009 ప్రాంతంలో మళ్లీ వెలుగుతుందని షేఫర్ ముందే చెప్పాడు. ప్రపంచమంతటా ఔత్సాహికులు రాత్రుళ్లు ఆ ఒక్క చోటు మీదే కన్నేసి ఉంచారు. 2010 జనవరి 28 తెల్లవారుజామున ఫ్లోరిడాలో బార్బరా హారిస్, షాన్ ద్వోరాక్ దాన్ని పట్టేశారు. ఒకట్రెండు రోజుల్లోనే మసకబారిపోయే నోవాను ఇలా పట్టడం మాటలు కాదు. 2022 జూన్‌లో మళ్లీ పేలితే జపాన్ నుంచి కబురొచ్చింది. 2016 నాటి పేలుడు మాత్రం జరిగినప్పుడు ఎవరి కంటా పడలేదు, తర్వాత లెక్కలు గాలిస్తే బయటపడింది. సూర్యుడు వృశ్చికం దగ్గరికి వచ్చే నెలల్లో దాన్ని చూడటం కష్టం.

ఇక మీ వంతు. టి కరోనే బొరియాలిస్ 1946 తర్వాత మళ్లీ వెలుగుతుందని 2024 నుంచి ప్రపంచం కాచుకుని కూర్చుంది. మీరు ఇది చదివేటప్పటికే వెలిగి ఉన్నా సరే, ఆ చోటు తెలుసుకోవడం వృథా కాదు. తెలుగునాట మే, జూన్ నెలల్లో రాత్రి పది గంటలకు డాబా ఎక్కండి. నడినెత్తి దగ్గర నారింజ రంగులో మెరిసేది స్వాతి. ఈశాన్యాన తెల్లగా మెరిసేది అభిజిత్తు. స్వాతి నుంచి అభిజిత్తు వైపు గీత గీస్తే మూడో వంతు దూరంలో, సగం గాజు ఆకారంలో ఏడు చుక్కలు కనిపిస్తాయి. అదే ఉత్తర కిరీటం. ఆ వంపులో తూర్పు కొసకు దగ్గరగా ఉన్న ఎప్సిలాన్ అనే చుక్కకు ఒక డిగ్రీ దక్షిణంగా మన నక్షత్రం ఉంటుంది. మామూలుగా పదో మాగ్నిట్యూడ్, కంటికి కనబడదు. పేలితే మటుకు దూరదర్శిని అక్కర్లేదు, దాదాపు వారం రోజులు ఉత్త కళ్లతో చూడొచ్చు.

ముందు ఆ ఏడు చుక్కల్నీ పిల్లలతో కలిసి కాగితం మీద గీసుకోండి. ఖాళీ చోటును గుర్తుపెట్టుకోండి. ఎనిమిదో చుక్క కనబడిన రాత్రి ఫోన్ చేసి నలుగురినీ లేపండి. లేపేముందు కాగితం మీద తేదీ, గంట, నిమిషం, మీరున్న ఊరు, చుక్క ఏ రెండు చుక్కల మధ్య ఎంత దూరంలో ఉందో రాయండి. పక్కనున్న ఏ చుక్కంత కాంతి ఉందో అది కూడా రాయండి. పాగ్సన్ చేసిందీ, వొలాస్టన్ చేసిందీ అంతే. రాయని పరిశీలన ఎవరికీ అక్కరకు రాదు. దయచేసి రాయండి.